ముప్పై ఒకటో సంచిక

పేరు ఏడుగురి దండు,
ఏడుగురు ఉన్నది మాత్రం నాలుగైదు నెలలే.
ఒకసారి ఐదుగురు, ఒకసారి పదకొండు మంది.
అట్ట మీద పట్టక
గాజుమనిషి మోచెయ్యి ఒక్కటే కనవడేది.

ముషీరాబాద్ చౌరస్తాల రాజలింగం పేపర్ల బండి.
పదో తారీఖున వస్తదని రాసి ఉంటది గని
పదో తారీఖంటే పన్నెండు, పద్నాలుగు,
వానలు పడితే ఇరవై.
బడి ఇడిసినంక జంగయ్య, నేను ఆడికి పోయి
"రాలే" అనిపించుకొని వచ్చుడు గూడ
కథల ఒక భాగమే అనుకునేటోళ్లం.

ఆరు రూపాయలు. వానియి మూడు, నాయి మూడు.
కొన్నంక ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతోని
అట్ట కింద మూలకు
జంగయ్య, మౌళి అని రాసేటోడు వాడే.
వాని చేతిరాత మంచిగుంటది.

పందొమ్మిదో సంచికల బొమ్మలేసే చెయ్యి మారింది.
ఉరుముల్రాణి ముక్కు సూది లెక్కయింది,
అందరికీ ఒక్కతీరు దవడలు.
కోపమొచ్చి ఉత్తరం రాసినం.
అచ్చయింది!
కవాడిగూడ అని రాస్తే కాచిగూడ అని పడ్డది.
అయినా ఆ పేజీ
నెల దినాలు బడి సంచిల తిరిగింది.

ఎవరన్న చచ్చిపోతే మేం ఏడ్వకపోయేది.
మూడు సంచికలు ఆగు, వస్తడు, అనేటోడు జంగయ్య.
లెక్క ఎన్నడు తప్పలే.
గాజుమనిషి రెండుసార్లు ముక్కలై రెండుసార్లు అతుక్కున్నడు,
చెవి కాడ సన్నటి బీట మిగిలింది.
కొత్త బొమ్మలాయన ఆ బీటను మరిచిపోయిండు.
మేం మరువలే.

ముప్పయ్యో సంచిక, ఆఖరి బొమ్మ:
తలుపు గొళ్లెం మీద సున్నా చెయ్యి.
సున్నా అంటే మాకు పానం.
వాడు చెయ్యెత్తితే ఊరు మొత్తంల సప్పుడు ఆగిపోతది,
బాంబులది గూడ.
సశేషం.

ఆ నెల నాయనకు జీతం రాలే.
"గవ్వి చిన్నపోరగాళ్ల బొమ్మలురా,
నాకు బోరు కొట్టింది" అన్న.
జంగయ్య నా మొకం దిక్కు జూసిండు.
ఏమనలే.

ముప్పై రెండుల బల్ల చుట్టు ఆరుగురే.
ఒక కుర్చీ ఖాళీ.
ఎవ్వరు దాని ముచ్చట తియ్యలే.
ఇది నేను బండి కాడ నిలవడి చదివిన,
రాజలింగం చూడనట్టు చిల్లర లెక్కవెడుతుంటే.
ఆడికెల్లి ఎనభై ఎనిమిది దాకా అట్లనే,
జంగయ్య రాని యాళ్ల జూసి.
ఎనభై ఎనిమిది ఆఖర్ల గూడ సశేషం అనే ఉన్నది.
తర్వాత రాలే.

సున్నా ఎందుకు పోయిండు?
ముప్పై ఏండ్ల సంది ఆ సంచిక నేనే రాసుకున్న.
ద్రోహం అని ఒకసారి, పెద్ద లొల్లి అని ఒకసారి,
ఉరుముల్రాణి మెరుపు గురి తప్పిందని ఒకసారి.
సిటీ బస్సుల, బ్యాంకు లైన్ల,
ఆపరేషన్ థియేటర్ బయట బెంచి మీద.

మొన్న ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్.
షట్టరేసిన చెప్పుల దుకాణం ముందట
ఫసీ భాయ్ పరిచిన పట్టా మీద,
ఇంజనీరింగు గైడ్ల కింద,
సున్నా తలకాయ, సగం.

ఎండల నిలవడే చదివిన. అలవాటు.
ద్రోహం లేదు. లొల్లి లేదు.
పద్నాలుగో పేజీల సున్నా
తన చాయ్ కప్పు తానే కడిగి బోర్లిస్తడు.
"నాకు బోరు కొట్టింది" అంటడు.
పోతడు.
కింద పసుపు డబ్బాల చిన్న అక్షరాలు:
అతను అబద్ధం చెబుతున్నాడని
ఆ గదిలో ఒక్కరికి తెలుసు.

మూసిన. అట్ట మూలకు
వెలిసిపోయిన ఆకుపచ్చ.
జంగయ్య, మౌళి.

"ఇంకా ఉన్నయ్ సాబ్" అని ఫసీ భాయ్
గోనెసంచిలకెల్లి కట్ట తీసిండు.
ముప్పై రెండు మీద రెండు పేర్లు.
ముప్పై మూడు మీద.
నలభై ఒకటి మీద గూడ.
నలభై మూడు మీద ఏ పేరూ లేదు.
నలభై రెండు కట్టల లేదు.

ఎవరమ్మిండ్రు భాయ్?
"కిలోల లెక్క వస్తయ్. పేర్లెవరడుగుతరు?"

నలభై రెండు దొరికితే తీసిపెట్టుమన్న.
వచ్చే ఆదివారం రమ్మన్నడు.
వచ్చే ఆదివారమంటే ఏ ఆదివారమో
నాకెరికే.