మైనపు కాగితం

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా.
బోర్డుల దుకాణంల అరబ్బీ అక్షరాలు కోస్త.
చదువరాదు. వంకలే చేతికొచ్చు,
ఏ చుక్క మీద, ఏ చుక్క కింద.

మొన్న నేను కోసిన మాటను
పెషావర్ నజీర్ గుల్ చదివి
"మందుల దుకాణం" అన్నడు.
నేనైతే వారం సంది
నీళ్లు తాగే కొంగ అనుకుంటున్న.

కార్డు మీద నా పేరు వెనక నాయిన పేరు.
ఫోర్‌మన్‌కు అదే నోరు తిరుగుతది: "పోశెట్టీ!"
ఆర్మూర్ దాటని మనిషి
రోజూ ఇక్కడ హాజరు పలుకుతడు,
నా గొంతుతోటి.

స్టిక్కర్ ఒలిచినంక మిగిలే మైనపు కాగితం
మడిచి రూముకు తెచ్చుకుంట.
దాని మీద పెన్ను జారుతది, సిరా తొందరగ ఆరదు.
రాసిన నాలుగు ముక్కలు
అరచేతికి అంటుకుంటయి,
తిరగబడి,
కుడి నుంచి ఎడమకు.

"లైటు బంద్ చెయ్యరాదే," పై మంచం మీంచి షాదుల్లా,
"ఎవరికి ఉత్తరం?"
"లింబాద్రికి."
"వాడెవడు?"

చెప్పబోయి నవ్విన.
లైటు బంద్ చేసినంక గూడ
ఇంకో రెండు లైన్లు రాసిన, తడుముకుంట.

పొద్దున సబ్బేసి రుద్దిన.
బొటనవేలి కింద ఒక తలకట్టు పోలే.
దాంతోనే బ్లేడు పట్టిన.