తూటు పడిన రూక

ప్రొద్దుటూరు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు
టికెట్లకు తూట్లు కొట్టిన వేళ్ళు ఇవి.
రూపాయికీ రెండ్రూపాయలకీ
చీకట్లో అంచు తడిమి తేడా చెప్తాయి.
ఆ పొద్దు గలాయి బాపూరావు కొట్లో మాత్రం
అరచేతిలో పడ్డదాన్ని పోల్చుకోలేకపోయాయి.

మూస అప్పటికే ఎర్రబడింది.
తక్కెట్లో విరిగిన కడియాలు, ఒంటి కాలి పట్టా,
వాటి కింద ఇది.
పెద్ద ముక్కు రాజు, తలకు ఆకుల దండ,
వెనక రెండు స్తంభాలు, వాటికి చుట్టిన గుడ్డపీలిక.
అద్దం పెట్టి చదివాను:
పదిహేడు వందల ఎనభై ఆరు.

"మా జేజిది. ఆయమ్మకు వాళ్ళ జేజి ఇచ్చింది"
అంది దేవ్లీబాయి, కదిరి పక్క తండా నుంచి
ఎండిన బోరు అప్పు తీర్చను వచ్చినామె.
"రాజెవురో మాకేం తెల్సు సామీ,
పిల్లోళ్ళు ఏడిస్తే
ఈ ముక్కోడొచ్చి ఎత్తకపోతాడని చెప్తాండె."

పొటోసీ అనే కొండ ఉందట, సముద్రాల అవతల.
దిగినవాళ్ళలో కొందరు ఎక్కి రాలేదు, వెండి వచ్చింది.
చీనా షరాబు ఒకడు నమ్మక
చెంప మీద బుల్లి ముద్ర గుద్దాడు.
చెన్నపట్నంలో ఓడ దిగి, ఎడ్లబండిలో కనుమలెక్కి,
కడప సీమ నీలిమందుకు బదులు పడింది.
కుండీల్లో తొక్కీ తొక్కీ
మోకాళ్ళ దాకా నీలమైన మనుషులకు
ఇందులో ఎంత ముట్టిందో
ఏ ముద్రా చెప్పదు.

దీని తోటివి టంకశాల మూసల్లో కరిగి రూపాయలయ్యాయి,
రూపాయలు కరిగి కుంకుమ భరిణెలు, మొలతాళ్ళు.
ఇదొక్కటే ఎట్లా దక్కింది?
ఎవడో కంసాలి రాజు నుదుటి పైన తూటు వేసి
నల్లదారం ఎక్కించాడు.
ఆ పూటతో ఇది డబ్బు కావడం మానేసింది.

హైదరాబాదు డీలరు ఫోన్లో నవ్వాడు:
"తూటుందా? సగం ధర కూడా రాదన్నా."
పిచ్చోడు.
తూటు పడిందంటే ప్రయాణం చెల్లినట్టు,
నాకు తెలీదా!

తూకం ధర ఇచ్చాను, పైన రెండు వేలు.
"కరగబెడ్తావా?" అని అడిగింది.
లేదన్నాను. దారం మాత్రం విప్పి తీసుకుంది.

సాయంత్రం కదిరి బస్సులో,
కిటికీ పక్కన,
టికెట్ డబ్బుల కోసం కొంగుముడి విప్పబోయి
ముందు మెడ తడుముకుంది.