లామ్

అప్పు అనే మాటలో 'బి' ఉంది కదా అని
ఉన్నది ఉన్నట్టు చదివాను.
క్లాసంతా నవ్వింది.
"డెబ్ట్ కాదమ్మా, డెట్" అన్నారు సారు, మెల్లగానే.
ఆ మెల్లదనమే ఎక్కువ గుచ్చుకుంది.

గుత్తి మదరసాలో తొమ్మిదేళ్లు
ఆపా మా గొంతుల మీద రెండు వేళ్లానించి నేర్పింది:
ఖాఫ్ నాలుక మొదట్నించి రావాల,
ఐన్ గొంతు నడిమి నుంచి,
ఏ అక్షరం హక్కు ఆ అక్షరానికి ఇయ్యాల,
ఎగ్గొడితే రేపు లెక్క చెప్పాల.
ఆ నోటితో వచ్చి ఈ బెంగళూరులో
రాసి కూడా పలకని అక్షరాల మధ్య పడ్డాను.
నైఫ్ ముందర ఊరికే నిలబెట్టిన 'కె',
సైకాలజీ గుమ్మంలో 'పి',
ఎవరికి బాకీపడి మూగబోయాయో.

శివాజీనగర్ బస్సులో
సెమినార్ పేపరు పెదాలతో వల్లెవేస్తుంటే
పక్క సీటు పెద్దామె దువా అనుకుని
ఆమీన్ అంది.

చదువు ఉర్దూలో, ఓతడం అరబ్బీలో,
ఇంట్లో దూదేకులోళ్ల తెలుగు.
ఇన్ని మోసిన నోరు
'మే ఐ కమిన్' దగ్గర ఆగిపోయి
తెరిచిన తలుపు బయటే ఒకరోజు
పాఠం అయ్యేదాకా నిలబడ్డాను.
నాయన ఫోన్‌లో, పరుపు కుడుతూనే,
"ఇంగ్లీషు వచ్చిందా పాపా?" అంటాడు
బస్సు వచ్చిందా అని అడిగినట్టు.

హాజరు పిలిచేటప్పుడు 'షమ్సుల్ నిసా' అంటారు సారు.
సర్టిఫికెట్లో అట్లే ఉంది.
ఐదు నెలలుగా ఎస్ సార్, ఎస్ సార్ అని
ఎవరో పిల్లకు హాజరు వేయిస్తున్నాను.

ఆ రాత్రి నవ్వు చెవుల్లోంచి పోలేదు.
నోట్‌బుక్ చివరి పేజీలో
నా పేరు అరబ్బీలో రాసుకున్నాను.
మధ్యలో లామ్.
ఉంది. పలకం.
సూర్యుడి అక్షరం ముందు అది కరిగి
పక్కనున్న నూన్‌కు ఒత్తయి కూర్చుంటుంది.
ఆపా ఎప్పుడో చెప్పిందే,
పుట్టినప్పట్నుంచీ నా పేరులో ఉన్నదే.

పొద్దున పిలిచారు.
చెయ్యెత్తాను, తడిసిన దూదిమూటంత చెయ్యి.
"సార్, ఎల్ సైలెంట్."
అందులో క్రియ లేదని తర్వాత సహన చెప్పింది.
మన తెలుగుకు ఎప్పుడు కావాల్సొచ్చిందిలే.

సారు రిజిస్టర్లో ఏదో దిద్దుకుని
"షమ్సున్నిసా" అన్నారు.
ఒత్తు సరిగ్గా పడింది.
ఎస్ సార్ అన్నాను.

ఆ గంటలో చెప్పిన పాఠం
నాకు సగమే అర్థమైంది.