ఎడమ సీటు

జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన హైబ్రిడ్ కారు మాది.
స్టీరింగు కుడివైపు.
మా ఉలాన్‌బాతర్ రోడ్ల మీద బండ్లు నడిచేదీ కుడివైపే.
ముందున్న లారీని దాటాలంటే
ఎదురుగా ఏమొస్తోందో నాకు కనపడదు,
ఎడమ సీట్లో కూచున్న ఒయున్‌గెరెల్‌కి కనపడుతుంది.
పదకొండేళ్ళుగా నా రోడ్డులో సగం ఆమె కళ్ళలోనే ఉంది.

మొదట్లో నోటితో చెప్పేది.
ఆగు. ఉండు. ఇప్పుడు పో.
టైర్లు అరిగేకొద్దీ హోరు పెరిగింది.
ఇంజను తనంతట తాను ఆగిపోయి
బ్యాటరీ మీద దొర్లే చోట మరీను,
ఇంట్లో పోట్లాట ఆగాక
కుళాయి చుక్కలు వినపడినట్టు.
అరిచి అరిచి విసిగి
చెయ్యెత్తడం మొదలుపెట్టింది.
అరచెయ్యి నిలబెడితే ఆగు, వాలిస్తే పో.
రానురాను ఇంట్లోనూ అంతే.
ఇంకొంచెం టీ? నిలబెడుతుంది.
లైటు తీసేయనా? వాలుస్తుంది.

ఈ ఏడు చలి మొదలవకముందే
నాలుగు టైర్లూ ఒక్కసారే బోడిగుండ్లయ్యాయి.
ముసలి గొంబో తన కొట్టులోంచి రెండు దొర్లించుకొచ్చాడు.
ఒకటి గట్టిది. ఊరికే దొర్లుతుంది, పెట్రోలు తాగదు,
గోతిలో పడితే మాత్రం
నీ వెన్నుపూసలెన్నో నీకే లెక్క అప్పజెబుతుంది.
మైనస్ ముప్పై అయిదులో రాత్రంతా నిలబడితే
పొద్దున్నే రెండు కిలోమీటర్లు రోకలిపోట్లే.
రెండోది మెత్తన. నోరు లేనిది.
నూటికి అరలీటరు ఎక్కువ అడుగుతుంది.

రెండు గుణాలూ ఉన్నది లేదా?
అది దొరికే కొట్టు తెలిస్తే నేనూ వస్తా, అన్నాడు.
పోనీ ముందు రెండు ఇవీ, వెనక రెండు అవీ?
గొంబో చూసిన చూపు నాకు తెలిసిందే,
ఒక్కో కాలికి ఒక్కో రకం బూటు అడిగినవాణ్ణి
నేనూ అలాగే చూస్తాను.

వారం వారం అర్వాయ్‌ఖేర్ సంతకి ఉన్ని బూట్లు మోస్తాం.
పోనూ రానూ ఎనిమిది వందల అరవై కిలోమీటర్లు.
నాలుగు లీటర్ల పైన తేడా.
చలికాలం మొత్తానికీ వేళ్ళ మీద లెక్కగట్టి
గట్టి టైరు మీద చెయ్యి వేశాను.

ఆమె లెక్కగట్టలేదు.
గ్లౌజు తీసి, మెత్తదాని అంచుని బొటనవేలితో నొక్కింది,
తడి ఉన్ని పదునుకొచ్చిందో లేదో చూసినట్టు.
నా వైపు తిరిగి
అరచెయ్యి నిలబెట్టింది.
లీటరు ధర చెప్పాను.
పెద్దదాని ఫీజు చెప్పాను.
బూట్లకి బేరాల్లేని మార్చి నెల గుర్తుచేశాను.
ఆ చెయ్యి వాలలేదు.

శుక్రవారం, లున్ వంతెన దాటాక, పల్లంలో
ఇంజను ఆగింది.
ఇంకేమీ మోగలేదు.
వెనక సీట్లో బూటుకి బూటు రాసుకోవడం వినపడింది.
నా కోటు జిప్పు వినపడింది.
ఒకే మంచం మీద పదకొండేళ్ళు పడుకున్న మనిషి పక్కన
నాకెందుకో కొత్తగా బిడియమేసింది.
రేడియో పెడదామనుకుని పెట్టలేదు.

ముందు గొర్రెల్ని కుక్కిన లారీ.
అలవాటుగా ఆమె చెయ్యి వంక చూశాను.
అది ఒళ్ళోనే ఉంది.
"ఉండు" అంది, తుప్పు రాలే గొంతుతో.
"ట్యాంకరు వస్తోంది."
ట్యాంకరు గాలిని చీల్చుకుంటూ వెళ్ళిపోయింది.
"ఇప్పుడు?"
"ఉండు."

ఆ లారీ వెనకే, పెంట వాసనలో,
నలభై దాటకుండా చాలాసేపు పోయాం.
మీటర్లో పెట్రోలు అంకె కాస్త దిగింది.
ఆమెకి చెప్పలేదు.

"ఆ ఎడమ మూల గొర్రె చూశావా" అంది.
ఇక్కణ్ణించి కనపడదన్నాను.

"అయితే చెబుతా, విను."