మెలి పెట్టని బెల్టు

అంబాజీపేట, మధ్యాన్నం మూడు.
పీచు మిల్లు ముందు నా లారీ.
ఆరు వరసల బేళ్లు.
పై వరస మీద వాలిన కాకికి
మిల్లు పెంకులు కిందెక్కడో కనపడతాయి.

ఎత్తు సరుకు అబద్ధాలకోరు, అంటాడు ఇమ్మానేలు.
నిలబడున్నంతసేపూ బుద్ధిగా ఉండి
మొదటి మలుపులో నిజం చెబుద్ది.

నేలపూడి ఇమ్మానేలు.
కుడిచేతికి మూడు వేళ్లు.
మిగతా రెండూ ఏవని అడిగితే
రాట్చెట్ పిడివైపు చెయ్యి చాపుతాడు
చుట్టాన్ని పరిచయం చేసినట్టు.
ఇప్పుడు లాగడు. చెబుతాడు.

"మూడు వరసలవగానే ఓసారి కట్టెయ్యాలి.
పైవాళ్లొచ్చాక
కిందోళ్లని పట్టించుకునేదెవరు?"

"పై వరస జానెడు లోపలికి జరపండ్రా.
కొండలాగ. కింద లావు, పైన సన్నం."
చుట్టూ ఇరవై కోసుల్లో కొండ లేదు.
కుర్రాళ్లు తలూపి జరిపారు.

తడి డొక్కొకటి సన్నతాడుకి కట్టి
లోడు మీంచి అవతలికి విసిరారు.
తాడు వెనకాలే నారింజరంగు బెల్టు
పిల్ల వెనక తల్లిలా ఎక్కి, దిగింది.
అంచుల్లో పాత ట్యూబు ముక్కలు.
"అంచు కొరుకుద్ది.
బెల్టుకి రక్తం రాదు గదా, మనకి తెలీదు."

ఒక రాట్చెట్ ఎడమకి, తర్వాతది కుడికి.
అన్నీ ఒక్కవైపే బిగిస్తే
పంచాయితీ పెద్దమనిషిలాగ
లోడు అటే మొగ్గుద్దంట.

పిడికి ఇనప గొట్టం తొడగబోయాడొక కుర్రాడు.
వీపు మీద చరిచాడు ఇమ్మానేలు,
మూడు వేళ్ల అచ్చు పడేట్టు.
"చెయ్యి చాలు.
చెయ్యి చాలని చోట ఇంకో బెల్టు."

వాళ్ల నాన్న మోకులు పేనేవాడు.
మోకు తడిస్తే బిగుసుద్ది,
ఇది తడిస్తే సాగుద్ది, వానొస్తే దిగి చూడు అన్నాడు.
పీచు మోసే లారీకి
పీచు తాడు అక్కర్లేకుండా పోయిందన్న మాట
ఎవరూ అనలేదు.
మిల్లులో దుమ్ము లేస్తూనే ఉంది.

చివర్న మెలి.
బల్లపరుపు బెల్టు గాలికి పాడుద్ది,
పాడీ పాడీ నలిగిపోద్ది.
పక్కన ఒక్క మెలి తిప్పితే నోరు మూస్తుంది.
ఏడింటికీ తిప్పించాడు.
ఎనిమిదోదాన్ని, క్యాబిన్ వెనకదాన్ని, అలాగే వదిలేశాడు.

"మర్చిపోయావ్ మావా."
"లేదు లోవా.
ఒక్కటన్నా మాట్లాడాలి."

కొత్తపేట టీ బడ్డీ దగ్గర దిగి చూశాను.
పీచు ఊపిరి వదిలి సర్దుకుంది.
ఒక్కోదానికి మూడేసి టిక్కులు.
రావులపాలెంలో అరటి గెలల లారీల వెనక
గంటన్నర.

వశిష్ఠ వంతెన ఎక్కేసరికి ఒంటిగంట దాటింది.
సముద్రంవైపు గాలి, ఎడమ చెంప మీద.
కింద నీళ్లు కనపడవు,
నలుపులో ఇంకో నలుపు కదులుతుంది, అంతే.
వెనక ఎనిమిదోది పాడుతోంది
చెవి దగ్గర దోమంత సన్నగా.

సగం వంతెనలో గొంతు మారింది.
లావైంది. బొంగురైంది.
ఆనక పటపట.

వంతెన మీద ఆగకూడదు.
ఇరవైలో నడిపాను.
స్టీరింగు పట్టుకున్న వేళ్లు పదీ ఉన్నాయని
అప్పుడే లెక్కపెట్టుకున్నాను ఎందుకో.

సిద్ధాంతం దాటాక పక్కకి తీసి టార్చి వేశాను.
ముందు బేలొకటి నాలుగు వేళ్ల మేర దిగింది.
ఒక టిక్కు. రెండు.
బెల్టుని వేలితో మీటాను, అతను మీటినట్టే.
ఏ శ్రుతి కావాలో నాకు తెలీదు.

ఒక్క రింగుకే ఎత్తాడు.
"ఎక్కడ?"
"సిద్ధాంతం."
"ఎన్ని?"
"రెండు."
"మూడోది పడదా?"
ఫోను భుజానికి నొక్కి లాగాను.
పడింది.
ఆ చప్పుడు విని పెట్టేశాడు.

తణుకు దాకా
వెనక సన్నగా సణుగుతూనే ఉంది.
రేడియో పెట్టలేదు నేను.