ఇరవై రూపాయల పద్దు

మా ఆయన ఓబుళపతి
రాష్ట్ర ఖజానా ఉద్యోగుల సంఘానికి
కోశాధికారిగా నిలబడినాడు.
కల్యాణదుర్గం సబ్ ట్రెజరీలో
ఇరవై రెండేండ్లు ఊరందరి పింఛన్లు లెక్కగట్టి
మా ఇంటి పాల లెక్క మాత్రం
ఒక్క నెలా సరిగ్గా చెప్పలేని మనిషి.

గుర్తులు పంచిన దినం
సత్తిరాజుకు తాళంచెవి వచ్చిందంట.
ఈయనకు గొడుగు.
నేను నవ్వినా.
నవ్వక ఏం జేసేది?
మా జిల్లాలో గొడుగంటే
కాశీయాత్రకు బయలెల్లే పెండ్లికొడుక్కి,
లేకుంటే ఎండకు బెదిరిన టీచరమ్మకు.
"వాన పడని చోట గొడుక్కి ఓటెవరేస్తారు?" అంటే
"కోస్తాలో పడుతుంది గదా" అన్నాడు,
అదీ ముందే లెక్కగట్టినట్టు.

నా చీటీ డబ్బు పద్నాలుగు వేలు
జొన్నల డబ్బాలో నుంచి తీసిచ్చినా.
చేతిలో పడంగానే లెక్కబెట్టినాడు,
నా ముందరనే, రెండుమార్లు,
బొటనవేలు తడిపి.
కోపమొచ్చింది గానీ
ఆ పొద్దే అనుకుంటి,
ఈ మనిషికి ఓటెయ్యచ్చని.
నాకు ఓటు లేదు.

పదిహైదు దినాలు బస్సుల్లో తిరిగినాడు.
పలాసలో ఎవరో గుప్పెడు జీడిపప్పు పెట్టినారంట.
ఒంగోలులో ఆయన కరపత్రంతోనే
ఆయన ముందరే విసురుకున్నారంట.
బెజవాడలో ఒకాయన
"మీ సీమోళ్లకు ఖజానా ఎందుకు సార్,
దాయడానికి ఏముందని?" అన్నాడంట.
ఈ మాట ఫోన్లో చెప్పలే.
ఇంటికొచ్చిన మూడో దినం
చెనక్కాయలు ఒలుస్తా ఒలుస్తా చెప్పినాడు.
"నువ్వేమంటివి?"
"ఖాళీ పెట్టెకు కూడా తాళం సరిగ్గా ఏసేది
మాకే తెలుసు అంటి."
అన్నాడో లేదో.
బస్సులో వచ్చేటప్పుడు తయారుచేసుకున్న మాటేమో.

కర్నూలులో ఓట్లు లెక్కబెట్టినారు.
ఫోను చేసి
ఓడినానని అనలే, బాధగా ఉందని అనలే.
"పంతొమ్మిది" అన్నాడు.
కౌంటర్లో టోకెను పిలిచినట్టు.

మరుసటి దినం పొద్దున
కాఫీ గ్లాసు కింద ఒక కాగితం.
నిలువు గీతలు, అడ్డగీతలు.
బస్సు చార్జీలు. కరపత్రాల అచ్చు.
లాడ్జి రెండు రాత్రులు
(తక్కినవి బస్టాండులో).
అరటిపండ్లు.
ఓటర్లకు విందు: సున్న.
మిగులు మూడువేల రెండువందల డెబ్బై,
పెద్ద నోట్లు అడుగున, చిన్నవి పైన, రబ్బరు బ్యాండేసి.
కింద సంతకం, తేదీ.
ముద్ర ఒకటే తక్కువ.

నేను చదివింది ఏడో తరగతి.
అయినా కూడినా. మళ్లా కూడినా.
ఇరవై రూపాయలు తేలలే.
"ఇది యాడికి పోయింది?"

గోడకల్లా చూసినాడు చానాసేపు.
"గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద
రాత్రి రెండు గంటలప్పుడు
సత్తిరాజు కూర్చోనుండె, అదే రైలుకు.
ఆయన సంచి నిండా తాళంచెవులు,
నా సంచి నిండా గొడుగులు.
మాట్లాడేకి ఏమీ లేదు ఇద్దరికీ.
ఆయనకు షుగరంట. తిండి లేక చేతులు వణుకుతాండె.
రెండు టీలు చెప్పినా.
ఒకదాంట్లో చక్కెర ఎక్కువేయించినా.
ఏ పద్దు కింద రాయాలో తెలియలే గంగరత్నా.
ప్రచారం కాదది.
దానమని రాస్తే ఆ మనిషికి చిన్నతనం."

మిగిలిన కరపత్రాలు రెండు కట్టలు.
గొడుగుల వెనకపక్క తెల్లగా ఉంది గదా,
పాల లెక్క వాటిమీదనే రాస్తాండ.

నిన్న సందేళ
కరపత్రం మీది నంబరు చూసుకొని
సత్తిరాజు ఫోనులో డబ్బు పంపినాడు.
పది రూపాయలు.
ఇరవై కాదు. తన టీ మటుకే.

మా ఆయన కండ్లద్దాలు పెట్టుకోని
రెండుమార్లు చూసినాడు.
"సరైనోడే గెలిచినాడు" అన్నాడు
నిమ్మళంగా.

ఇరవై కొట్టేసి పది రాసినా.
ఆ పదికి పద్దు
ఇంకా దొరకలే.