పులికంప చాటున

పాకం దించే అదును ఎట్లా తెలుస్తుందని అడిగితే
మా నాయన చెంగల్రాయులు చెప్పింది ఒకటే:
కంటితో చూడబాకు, చెవితో చూడు.
చన్నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, ఉండ చేసి
తట్ట అంచుకు కొట్టు.
లేతదైతే మాట్లాడదు.
ముదిరిందా, టక్కంటుంది.

ఇరాల దారిలో గుట్ట కింద మా బెల్లం గానుగ.
నాకు పద్నాలుగేళ్ళప్పుడు
మొదటిసారి కొప్పెర కాపలా నా మీద పెట్టారు.
తూరుపు ఇంకా తెల్లబడుతోంది.
పిప్పి ఎగదోసి ఎగదోసి గురవమ్మ కునుకుతోంది.
టక్, వినపడింది.
మళ్ళీ టక్.
"దించండోయ్!" అని గొంతు చించుకున్నాను.
నలుగురు మగాళ్ళు వాసాలు దూర్చి లేపారు,
దోనెలో పోశారు.

పొద్దెక్కినా గట్టిపడలేదు.
మధ్యాహ్నానికీ లేదు.
బండెడు చెరుకు జిగురై, ఈగల పాలై
దోనెలోంచి నన్ను చూసి నవ్వింది.

నాయన కొట్టలేదు.
చెవి ఒగ్గి నిలబడ్డాడు.
కంచె పొడవునా అల్లుకున్న పులికంపలో
టక్.
వంగి, ముళ్ళకొమ్మ పక్కకు తోసి
"ఇదిరా నీ పాకం" అన్నాడు.

ఎండిన చెరుకాకు ఏ రంగో ఆ రంగు పిట్ట.
రెక్కకు పట్టీ లేదు, మెడకు మచ్చ లేదు.
కంటిపైన, ఎవరో సగంలో వదిలేసిన నామంలా
పాలిపోయిన గీత ఒకటి.
మోకాలెత్తులోనే ఉంటుంది.
ఆకుల వెనకవైపు వెతుక్కుంటూ
ఈ కంపలోంచి ఆ కంపలోకి,
అప్పిచ్చినోడి కంట పడకూడని మనిషిలా.

దీని పేరేమని గురవమ్మని అడిగాను.
"పేరెందుకు? పిలిస్తే వస్తుందా?"

చాలా గానుగ కాలాల తర్వాత
తిరుపతి యూనివర్సిటీ నుంచి ఫర్హానా అనే పిల్ల
తలవెంట్రుకంత సన్నటి వల తెచ్చి కంచె పక్కన కట్టింది.
గుడ్డసంచిలో వేసి తూచింది:
పద్నాలుగు గ్రాములు.
వచ్చేటప్పుడు పదో పదకొండో ఉంటుందంట.
మండీలో రుచికిచ్చే ముక్క అంతకంటే బరువు.
కాలికి చిన్న కడియం తొడిగి
పొట్టమీద ఉఫ్‌మని ఊదింది.
ఈకలు పాయ విడిపోయి
ఉల్లిపొర లాంటి తోలు కింద
పచ్చగా పేరుకున్న కొవ్వు,
అచ్చం లేతపాకం.

దారిబత్తెం అంది.
ఆర్నెల్లు ఈగల్నీ పురుగుల్నీ
లోపల కాచి కాచి
అది వండుకున్న బెల్లం అనుకున్నాను నేను.

చీకట్లోనే ఎగురుతుందంట.
హిమాలయాలు దాటినాక ఎక్కడో
మంచు కరిగిన పొదల్లో గూడు.
అక్కడ రాత్రంతా పాడుతుందంట,
విన్న పిట్టలన్నిటి గొంతులూ అరువు తెచ్చి
ఒక్కో ముక్క నాలుగైదుసార్లు తిప్పి తిప్పి.

మరి ఇక్కడ టక్ తప్ప ఇంకో మాట లేదే?

"పెళ్ళిచూపులు అక్కడ కదన్నా,
ఇక్కడికొచ్చేది కూటికి."

గుడియాత్తం నుంచి చెరుకు కొట్టడానికి వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు.
పగలంతా కత్తి చప్పుడే.
మాపటేళ ఫోన్లో మాత్రం
ఇంటివాళ్ళతో పగలబడి నవ్వుతారు.

దాని పాటలో మా గట్టుమీది పికిలిపిట్ట ఉందో లేదో
ఫర్హానాకీ తెలీదు.
గరిటె గీసిన చప్పుడుందా, గురవమ్మ దగ్గుందా
అని అడగడానికి నాకు సిగ్గేసింది.

మళ్ళీ వినాయకుణ్ణి చెరువులో కలిపిన వారం
గానుగ ఇంకా తుడవనే లేదు,
అదే కంప, అదే మోకాలెత్తు,
కడియం తళుక్కుమంది.

నాయన ఓపిక ఉన్నంతకాలం
తట్టకు ఉండ కొట్టి, విని,
కంచెవైపు తిరిగి "నువ్వేమంటావే?" అని ఆగేవాడు.
బదులొచ్చాకే దించమనేవాడు.

ఎండలు ముదిరి అది వెళ్ళిపోయాక కూడా
ఆగేవాడు.
అందుకే మా చివరి కొప్పెర్ల బెల్లం
ఏటా కాస్త ముదురు.